తొమ్మిది పిట్టలకు పసుపు వైద్యం

ఒక ప్రొఫెసరమ్మ రెండేళ్ల పరిశోధనను గిన్నెడు పసుపుతో ఒక్క మధ్యాహ్నంలో ముంచేసిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఆ పుణ్యాత్ముణ్ణి నేనే.

2004లో మిషిగన్‌లో ఎమ్మెస్ వెలగబెడుతూ, క్యాంపస్‌లో బయాలజీ వాళ్ల పిట్టల గదిలో పనికి కుదిరాను. ఎఫ్-వన్ వీసా మీద బయట పనిచేయకూడదు కాబట్టి అది పోతే నాకు తిండి లేనట్టే. పిట్టలు ఆఫ్రికా ఎండుగడ్డి మైదానాలవి, పిచ్చుకంతుంటాయి. ప్రొఫెసరమ్మ వాటి గురించి గంటసేపు చెప్పారు. నేను గంటసేపు తలూపాను. ఒక్క ముక్క వినలేదు.

మొదటి శనివారం ఆవిడ ఊళ్లో లేరు. పంజరంలోకి చూద్దును కదా, ఒక పిట్టకు ఈ చెవి నుంచి ఆ చెవిదాకా గొంతు మీద ఎర్రటి గీత. పక్కదానికీ అంతే. తొమ్మిదింటికి గొంతులు తెగి ఉన్నాయి, మిగతా తొమ్మిదీ నిక్షేపంగా ఉన్నాయి. ఇంకేం, కేసు తేలిపోయింది. నిక్షేపంగా ఉన్నవే హంతకులు.

వరంగల్ నుంచి వచ్చిన రూమ్మేట్ శ్రీనుకి ఫోన్ చేశాను.

"రేయ్, పిట్టలు పొడుచుకున్నాయిరా. గొంతుల నిండా రక్తం."

"ఏందిరా బై, సచ్చినయా?"

"లేదు, గింజలు తింటున్నాయి."

"గొంతు తెగినంక గింజలెట్ల తింటయ్‌రా?"

అంతటి బంగారంలాంటి ప్రశ్నను నేను పెడచెవిన పెట్టాను.

"ఆఫ్రికావి కదా, గట్టివి. ముందు పసుపు డబ్బా పట్టుకురా. నా జాబ్ పోయేట్టుంది."

మా ఇంట్లో వేలు తెగినా, మోకాలు చీరుకున్నా పసుపే. శ్రీను వల పట్టాడు, నేను ముద్ద పట్టించాను. వెయ్యిమందిని చంపితే అరవైద్యుడంటారు గానీ, నేను తొమ్మిదింటితోనే పూర్తి వైద్యుణ్ణయిపోయాను. హంతకులను వేరే పంజరంలో వేసి తాళం పెట్టాను.

సోమవారం ప్రొఫెసరమ్మ వచ్చి, చాలాసేపు చూసి, "ఈ పసుపుపచ్చ రంగేమిటి?" అన్నారు.

"గాయాలకు మందండీ."

"అవి గాయాలు కావు, ఈకలు. మగవాటికి అలాగే ఉంటుంది."

"మరి ఆ హంతకులు?"

"ఆడవి. ఎరుపు చూసే అవి జోడీని ఎంచుకుంటాయా అన్నదే నా పరిశోధన. ఇక ఈకలు రాలి కొత్తవి వచ్చేదాకా ఆగాలి."

ఉద్యోగం సంగతి అటుంచి, ఆవిడ ముఖం చూడలేక సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ తాళం తీసి ఆడవాటిని మగవాటి పంజరంలోకి వదిలారు. కాసేపటికే ఒక పచ్చగొంతు పిట్ట గడ్డిపరక నోట కరుచుకుని, ఆడదాని ముందు ఎగిరెగిరి పాట మొదలెట్టింది. ఈ జాతి అడవిలో గిజిగాళ్లు వదిలేసిన గూళ్లలో కాపురం పెడుతుందట. ఇక్కడ ఆవిడ వేలాడదీసిన గడ్డిబుట్టలన్నీ వారంలో జంటలతో నిండిపోయాయి.

"మీ దేశంలో ఈ పసుపు గాయాలకేనా రాస్తారు?" అని ఆవిడ అడిగారు.

"పెళ్లికి ముందు పెళ్లికొడుక్కి కూడా రాస్తామండీ."

ఆవిడ బుట్టలవైపు చూసి, "అయితే మందు పనిచేసినట్టే" అన్నారు. ఉద్యోగం ఉంచారు, గిన్నెలు కడగడానికి మాత్రం.

కాబట్టి సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ప్రాణి గొంతు ఎర్రగా కనిపించినా, దాని సంసారం సంగతి కనుక్కోకుండా పసుపు డబ్బా మూత తియ్యను. ఒక్క పూటలో తొమ్మిది మందిని పెళ్లికొడుకులను చేసిన నాకు, నా ఒంటికి పసుపు అంటడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది మరి.