పెద్దమ్మ మిగిల్చిన మొక్కు

పోయిన మంగళవారం మా పెద్దమ్మ చనిపోయింది. మనసు కొంచెం కుదుటపడ్డాక నిదానంగా రాద్దామనుకున్నాను. కానీ మేడారం సమ్మక్క జాతర దగ్గరికొచ్చింది. నా పేరు మీద ఆమె మొక్కిన మొక్కు ఒకటి తీరకుండా మిగిలింది. దాన్ని తీర్చడం నా ఒక్కదానితో అయ్యేది కాదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మా అమ్మానాన్నలు ఇటుకబట్టీల్లో పనిచేసేవాళ్ళు. మా ఇంట్లో నాకు ముందు బడికి పోయినవాళ్ళు లేరు. అమ్మ పోయాక నాన్న నన్ను బస్టాండులో కూర్చోబెట్టి వెళ్ళి, మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళు బాలసదనంలో ఉన్నాను. తర్వాత శిశు సంక్షేమ ఆఫీసు వాళ్ళు ఖిలా వరంగల్‌లో జంపఖానాలు నేసే ఒక ఒంటరి ఆడమనిషి ఇంట్లో నన్ను పెంపకానికి పెట్టారు. నాలాంటి పిల్లలు అప్పటికే కొందరు ఆ ఇంట్లో పెరిగి వెళ్ళారు, నా తర్వాతా వచ్చారు. అందరికీ ఆమె పెద్దమ్మే.

కొత్తలో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. బడి నుంచి రాగానే మగ్గం పక్క గోడ మీద బొగ్గుతో రాసేదాన్ని. ఎక్కువగా నాన్న మీది కోపమే. ఒకరోజు ఆమె చూసింది. దెబ్బలు పడతాయనుకున్నాను.

"ఏం రాస్తానవే?"

నేను గోడకు అడ్డంగా నిలబడ్డాను.

"చెప్పకు తియ్. నాకు సదువు రాదు. నీకూ సమ్మక్క తల్లికీ నడుమ నేనెందుకు? జర పైనుంచి మొదలువెట్టు, జాగ సరిపోతది."

బొగ్గు అయిపోతే పొయ్యిలోంచి తనే ఏరి తెచ్చేది. జాతర ముందు ఇల్లంతా సున్నం వేసేటప్పుడు ఆ గోడను చివరికి ఉంచేది. "తల్లికి చెప్పుడు అయిందా?" అని నన్ను అడిగాకే కుంచె ఎత్తేది. తర్వాత తెల్లబడిన గోడకు నాతో దండం పెట్టించేది. దేవత అవన్నీ చదువుతుందంటే నేను మొదట నమ్మలేదు. కానీ సున్నం ఆరాక మళ్ళీ రాయబోతే, పోయిన జాతరనాటి కోపం అంతగా చేతికొచ్చేది కాదు. నా భక్తి అక్కడే మొదలైంది, నా రాత కూడా.

ఒకసారి పక్క వీధి ఆయన జంపఖానా కొనడానికి వచ్చి, గోడ మీది మాటలు పైకి చదవబోయాడు. పెద్దమ్మ మగ్గం మీంచి లేవకుండానే, "ఓ బావా, జంపఖానా సూడనీకి వచ్చినవా, గోడ సూడనీకి వచ్చినవా? గోడ అమ్మకానికి లేదు" అంది. ఆయన నవ్వుకుంటూ ఇటు తిరిగాడు.

నేను కాలేజీలో చేరిన ఏడు ఆమె మొక్కుకుంది. "నీ రాత అచ్చుల వడ్డనాడు తల్లికి నీ ఎత్తు బంగారం ఇస్త." మేడారంలో బంగారమంటే బెల్లమే, మనిషి బరువుకు సరితూగినంత. అప్పటినుంచి అన్నం పెట్టినప్పుడల్లా అదే నవ్వులాట. "ఇప్పుడైతే బక్కగున్నవ్, తక్కువల పోతది. ఇంక లేట్ చేస్తే లావయి నన్ను ముంచుతవ్. జల్ది రాయి."

మొన్న వానాకాలంలో నా కథ ఒకటి పత్రికలో వచ్చింది. తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. "ఇగ సదువు. ఇది అందరి కోసం రాసినవు గదా" అంది. నా రాత వినిపించమని ఆమె అడగడం అదే మొదటిసారి. మగ్గం ఆపి విన్నది. బస్టాండులో పిల్ల ఏడ్చే చోటికి రాగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ పిల్ల నువ్వే గదా?"

"అవు పెద్దమ్మా."

"మరి ఏడ్సిందని రాసినవేంది? నా ఇంటికొచ్చిన్నాడు గూడ నువ్వు ఏడ్వలే. పండ్లు కొరుకుడే. ఉన్నది రాయి బిడ్డా, తల్లి ముందట రాసినట్టు."

ఇప్పుడు ఏ వాక్యం రాయబోయినా ఆ చెయ్యి అడ్డం వస్తుంది.

జాతరకు ముందే తూకం వేద్దామని అనుకుంటుండగా జ్వరం పట్టుకుంది. దవాఖాన నుంచి ఆమె తిరిగి రాలేదు. మూడో దినం నాడు ఆమె తమ్ముడి కొడుకును మొక్కు సంగతి అడిగాను. "మొక్కినామెనే పాయె, ఇంక మొక్కేడిది చెల్లె? అయినా నువ్వు మా ఇంటిపిల్లవా?" అన్నాడు. కసురుకోలేదు, మామూలుగానే అడిగాడు.

పెద్దమ్మ పద్ధతిలో, తక్కెడలో కూర్చున్నవాళ్ళు తమ బెల్లం తాము పెట్టుకోకూడదు. ఇంటివాళ్ళే పెట్టాలి. ఆమె ఇంటివాళ్ళంటే నాకు తెలిసింది ఆమె చేతి జొన్నరొట్టె తిని, ఆ మగ్గం చప్పుడుకు నిద్రలేచినవాళ్ళే. మీలో కొందరు మడికొండలో ఉద్యోగాలు చేస్తున్నారని విన్నాను. మిగతావాళ్ళు ఎక్కడున్నారో తెలియదు.

అక్కలారా, అన్నలారా, చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ, మేడారం జాతరకు ఒక్కొక్కరు ఒక్క బెల్లం ముద్ద తెస్తే చాలు. మీరు ఒకరి తర్వాత ఒకరు పెడుతుంటే, నేలకు ఆనిన నా వైపు తట్ట మెల్లగా పైకి లేస్తుంది. వస్తారో లేదో ఈ పత్రిక చిరునామాకు ఒక ముక్క రాయండి, జనవరి ఇరవయ్యో తేదీలోగా.