పొయ్యిలో వేసిన రెండు చీట్లు

గాలిదుమారం వస్తే మా ఆవిడ ముందు ఆరేసిన బట్టలు తీస్తుంది, తర్వాత నన్ను లోపలికి పిలుస్తుంది. ఎగిరిపోతానని భయం. అంత సన్నగా ఉంటాను. పెళ్ళినాడు నేను ఎదురుగా నిలబడి ఉండగానే మా అత్తగారు "పిల్లగాడు ఇంకా రాలేదా?" అని అడిగిందట. ఇలాంటివి చెప్పి జనాన్ని నవ్విస్తూ ముసలివాణ్ణయ్యాను. నాలో బరువైనది ఏదీ లేదని అందరూ నమ్మారు.

ఉంది. మూడు కాగితం ముక్కల బరువు. నలభై ఏళ్ళకు పైగా మోశాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. ఇలాంటివి చెప్పుకోవడానికి అదే వీలు.

నాలుగో తరగతిలో బడి మానేశాను. లెక్కలు అబ్బలేదు, అక్షరాలు మాత్రం గుండ్రంగా వచ్చేవి. అందుకే బోర్డులు రాసేవాణ్ణయ్యాను. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాణా కొట్టు మొదలు పళ్ళ డాక్టరు దాకా ఎన్నో పేర్లు నా చేతి మీదుగానే గోడెక్కాయి. పేర్లు రాయడమే నా బతుకు. తప్పు కూడా అక్కడే చేశాను.

అరవై తొమ్మిదో సంవత్సరం. ప్రత్యేక తెలంగాణ కోసం ఊరంతా ఉడుకుతున్న రోజులు. మా క్రైస్తవ సంఘం చిన్నది, రేకుల షెడ్డులో ఆరాధన. ఎక్కువమంది మాలాగా నల్లగొండ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, కొందరు కోస్తా నుంచి. మా పాస్టరు అయ్యగారిది కూడా గుంటూరు వైపే. అంతకుముందు అందరం ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చునేవాళ్ళం. ఆ ఏడు చాపల మధ్య జానెడు ఖాళీ వచ్చింది. ఎవరూ కొలిచి పెట్టలేదు. వచ్చింది, అంతే. కొన్ని వీధుల్లోకి అయ్యగారు వెళ్ళలేకపోయారు. ఒక ఆదివారం వాక్యం ముగించి, చెమట తుడుచుకుంటూ, "నా ఒక్కడి వల్ల కావట్లేదండీ. నా పక్కన ఒకరు నిలబడాలి. రెండు వైపులా వెళ్ళగలిగినవాళ్ళు" అన్నారు.

మూడు పేర్లు వచ్చాయి. కోస్తా మాస్టారు ఒకరు. మా బావ దేవదానం, అంటే నా భార్యకు అన్న, దవాఖానలో తోటమాలి, ఇంకొకరు. మూడోది నేను. నా పేరు ఎవరన్నారో ఇప్పటికీ తెలియదు. తెలిస్తే వాళ్ళ కొట్టు బోర్డు తప్పుల తడకగా రాసి పెట్టేవాణ్ణి.

అలా పాస్టరు పక్కన నిలబడే సంఘ పెద్దను మా దగ్గర ఓట్లతో ఎన్నుకోరు. చీట్లు వేస్తారు. ఆడవాళ్ళు వంటకు ముందు దేవుడి కోసమని పక్కకు తీసే పిడికెడు బియ్యం ఒక డబ్బాలో పోస్తారు. ఆ డబ్బాలోనే చీట్లు కలిపి, ప్రార్థన చేసి, అందరికంటే పెద్ద వయసు ఆమెతో ఒకటి తీయిస్తారు. వచ్చిన పేరు దేవుడి పిలుపు. మిగతా రెండూ విప్పకుండా టీ పొయ్యిలో వేసేస్తారు. ఎవరూ ఓడినవాడిలా కనబడకూడదని. ఎంత మర్యాదగల ఆచారం! నాలాంటివాడికి తలుపు తీసిపెట్టింది ఆ మర్యాదే.

రాత బాగుంటుందని చీట్లు నన్నే రాసి తెమ్మన్నారు.

శనివారం మధ్యాహ్నం నా బోర్డుల కొట్లో కూర్చున్నాను. మొదటి చీటీ మీద దేవదానం అని రాశాను. రెండో దాని మీద నా పేరు రాయాలి. చెయ్యి ఆగింది. రెండో దాని మీదా దేవదానం అనే రాశాను. మూడో దాని మీదా.

ఎందుకు రాశాను? ప్రాణభయం అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. పెద్ద అయినవాడు రెండు పక్కలా మాట పడాలి, నచ్చని మాట చెప్పాలి, చెప్పాక వాళ్ళు మొహం తిప్పుకుంటే భరించాలి. నేనేమో పుట్టినప్పటి నుంచి ఎదుటివాడు నవ్వితేనే బతికినవాణ్ణి, నన్ను చూసి ఒక్క మనిషి మొహం ముడుచుకున్నా ఆ పూట అన్నం సయించనివాణ్ణి. మరి నా వల్ల కాదని నలుగురిలో అనవచ్చు కదా? అనవచ్చు. కానీ నా పేరు వినగానే వెనక వరుసలో మా ఆవిడ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఆ కూర్చోవడం చూశాక నోరు రాలేదు. బావ పేరే ఎందుకు? ఆయన ఎవరినీ కాదనలేడు కాబట్టి. మంచివాడని ఎన్నుకోలేదు. మెత్తనివాడని ఎన్నుకున్నాను.

ఆదివారం చీటీ తీశారు. చదివారు. బావ మోకాళ్ళ మీద పడి, "నన్నా, ప్రభువా?" అని ఏడ్చాడు. ఆ నెలలోనే కిరాయి గది ఖాళీ చేసి, తుర్కయంజాల్ దగ్గర తన పల్లెకు పోయి రెండు బర్రెలు పెట్టుకుని బతకాలనుకున్న మనిషి. దేవుడు పిలిచాడని ఆగిపోయాడు. మిగతా రెండు చీట్లు పొయ్యిలో వేసింది నేనే. చప్పుడు లేకుండా కాలాయి.

ఆ తర్వాత బంద్ అన్నా కర్ఫ్యూ సడలింపన్నా బావ సంఘం డబ్బాలోని బియ్యం సంచికెత్తి, భుజాన వేసుకుని ఇంటింటికీ నడిచేవాడు. ఒకరోజు కర్మన్‌ఘాట్, ఒకరోజు ఇప్పుడు ఎల్బీ నగర్ అంటున్న ఆ బయలు దాటి. మావాళ్ళు "ఆంధ్రోళ్ళకు బియ్యం మోస్తున్నవా?" అనేవాళ్ళు. వాళ్ళేమో తలుపు సందులోంచి "మీవాళ్ళే కదండీ మమ్మల్ని పొమ్మంటున్నది" అనేవాళ్ళు. రెండూ విని, బియ్యం దించి వచ్చేవాడు. నేనేం చేశాను? "మా బావకు దేవుడు పిలుపిచ్చిండు గని సైకిలియ్యలే" అన్నాను. షెడ్డంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు. అప్పుడు ఆయన కాళ్ళ వైపు చూశాను. చెప్పు తెగితే గుడ్డపీలికతో కట్టుకున్నాడు.

మర్నాటి నుంచి నా సైకిలు వెనక సంచి, ముందు కడ్డీ మీద బావ. అలా మొదలైంది. ఆ తిట్లు నేనూ తిన్నాను. రోగుల దగ్గర కూర్చున్నాను, చాపలు మోశాను, సమాధులకు గుంతలు తవ్వాను. పదవి లేకుండా సేవ చేసే మనిషి అని సంఘం మెచ్చుకుంది. ఆ మెప్పు సిగ్గు లేకుండా తీసుకున్నాను. అబద్ధమెందుకు, అవి నా బతుకులో మంచి రోజులు. రెండు మూడేళ్ళకు చాపల మధ్య ఖాళీ పోయింది. ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. బావ వల్లే పోయిందని నేనంటాను.

అయితే మంచి జరిగింది కాబట్టి తప్పు తప్పు కాకుండా పోతుందా? పోదు. బావకు ఆ బర్రెలు రాలేదు. న్యాయంగా రాసి ఉంటే ఎవరి పేరు వచ్చేది? బహుశా ఆయనదే. బహుశా నాదే. దేవుణ్ణి నోరు తెరవనివ్వకుండా ఆయన గొంతుతో నేను మాట్లాడాను. ఇక తెలిసే దారి లేదు.

మొన్న బావ కబురు పెడితే వెళ్ళాను. వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ. "ఇగ ఈ పెద్దరికం నాతోని గాదు బావా. చీట్లేద్దాం. నువ్వే రాయి, నీ రాత మంచిగుంటది" అని మూడు కాగితం ముక్కలు నా ముందుకు తోశాడు.

మూడు. ఏదైనా జోకు చెబుదామని చూశాను. రాలేదు. చెప్పేశాను. కొట్టు, చీట్లు, పొయ్యి, అన్నీ.

బావ నూనె చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. తర్వాత అడిగాడు.

"గా దినం నేను ఏడుస్తుంటే నువ్వు నవ్వినవా?"

"లేదు బావా. భయపడ్డ."

తల ఊపాడు. క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు. అడిగితే ఆయన కాదనలేడు, ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు? మరొకసారి ఆయన మెత్తదనాన్ని వాడుకోదలచుకోలేదు. కానీ లేచి నిలబడితే ఒళ్ళు ఎంత తేలికైందంటే, ఈసారి గాలి వస్తే మా ఆవిడ నిజంగానే నన్ను పట్టుకోవాలి.

మెట్టు దిగబోతుంటే వెనక నుంచి పిలిచాడు. చేతిలో ఆ మూడు కాగితాలు.

"యాడికి పోతున్నవ్? గీసారి మూడింటి మీద నీ పేరు రాయి."