అక్క నెత్తురులో సన్న బీడీలు

దెయ్యాలు, గాలి, ధూళి లాంటివి నేను ఏనాడూ నమ్మలేదు. కామాఠిపురాలో పుట్టి పెరిగినవాడికి బతికున్న మనుషుల భయమే సరిపోతుంది. పైగా నేను సైన్సు మనిషిని. ఎనభైల్లో బొంబాయిలో క్యాన్సర్‌కి కొత్త రకం మందు తయారుచేసిన జట్టులో నేనూ ఒకణ్ణి. అనుమానం ఉంటే మా చాల్‌లో, అంటే మేముండే గదుల వరసల మేడలో, ఎవరినైనా అడగండి.

మందు ఏదో కాదు, బిళ్ళగన్నేరు. మరాఠీవాళ్లు సదాఫులీ అంటారు. మా చాల్ గదుల ముందుండే గ్యాలరీలో నూనె డబ్బాల్లో ఏడాది పొడుగునా పూసేది. దాని ఆకులోంచి తీసిన మందు క్యాన్సర్‌ని చంపుతుందని అప్పటికే లోకానికి తెలుసు. చిక్కేమిటంటే, ఆ మందుకు మంచీ చెడూ తెలియవు. ఒళ్లంతా తిరిగి నరాలను కూడా కొడుతుంది. అందుకని మేం దాన్ని కొవ్వు పొరతో చేసిన గోలీల్లో పెట్టి పంపాలని చూశాం. గోలీ అంటే మింగే గోలీ కాదు. ఆవగింజను దాని పక్కన పెడితే కొండలా ఉంటుంది. దారిలో విప్పుకోకుండా పోయి, గడ్డ దగ్గర మాత్రం విప్పుకోవాలని ఆశ.

ఇక్కడ ఒక సంగతి సరిచేయాలి, లేకపోతే మిగతాది కూడా నమ్మరు. ‘మేం’ అన్నాను కదా. ఆ పరిశోధనశాలలో నా పని ఎలుకల పంజరాలు కడిగి, పొట్టు మార్చడం. చాల్‌లో వాళ్లు నన్ను సైన్సు మనిషి అంటారంటే, వాళ్లకు అలా చెప్పింది నేనే. అయితే ఎలుకలకు ఆ గోలీల మందు ఎక్కించడం నా కళ్లతో చూశాను. అది నిజం.

ఆ రోజుల్లోనే మా ఎల్లవ్వక్కకు మెడ పక్కన గడ్డలు లేచాయి. మొదట అందరూ పోచమ్మ తల్లి చూపు అన్నారు. వేపాకు కట్టారు, దిష్టి తీశారు. గడ్డలు తగ్గలేదు. ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. అక్కకు ఎక్కించిన మందుల్లో బిళ్ళగన్నేరు మందు ఒకటి. అయితే అది మామూలుది. గోలీల మందు ఎలుకలను దాటి మనుషుల దాకా రాలేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

సంగతి తెలిసి చాల్ ఆడవాళ్లు డబ్బాల్లో మొక్కలకు పసుపు కుంకుమ పెట్టారు. బొంబాయిలో తంగేడు ఎక్కడ దొరుకుతుంది? మావాళ్లు బతుకమ్మలో ఒక వరస ఈ పూలే పేర్చేవాళ్లు. ఆ ఏడు ఎవరూ వాటిని తెంపలేదు. ఒకామె ఆకు నూరి అక్కకు తాగించబోతే నేనే గిన్నె లాక్కున్నాను. పచ్చి ఆకు విషం.

అక్క బీడీలు చుట్టేది. బావ పనిచేసే మిల్లు మూతపడింది. ఇల్లు ఆమె వేళ్ల మీదే నడుస్తోంది. ఒళ్లో చాట పెట్టుకుని, పక్కింటివాళ్లతో మాట్లాడుతూనే, చూడకుండా తునికాకు చుట్టి, మూతి మడిచి, దారం కట్టేది. సూదులు మొదలయ్యాక ఆమె వేళ్ల కొసలు మొద్దుబారాయి. ఆకు చేతిలో చినిగిపోయేది. తంబాకు ఒళ్లో రాలేది. ఒకరోజు చాట పక్కకు నెట్టేసింది.

“వేళ్లు నావి కావురా నర్సిగా. ఆకు పట్టిన్నో, గాలి పట్టిన్నో తెలుస్తలేదు. ఇగ నేను దవాఖానకు రాను.”

“సగంల ఆపితే గడ్డలు మళ్ల లేస్తయంటున్రు అక్కా.”

“బీడీ చుట్టనిది బతికేం జెయ్యాలె? నీ ఎలుకలకే ఏస్కో ఆ సూది.”

మర్నాడు నేను పోయి ఆమె చాట ముందు కూర్చున్నాను. చిటికెడు తంబాకు తీసి ఆకులో పెట్టి చూపించాను. మందు తంబాకు అనుకో, కొవ్వు పొర ఆకు అనుకో, మా దగ్గర డాక్టర్లు కంటికి కనిపించని సన్న బీడీలు చుట్టి నెత్తురులో వదులుతున్నారు అని చెప్పాను. నీకు ఎక్కించేదీ అదే అన్నాను. అది అబద్ధమే. కానీ అక్క లేచి చీర సర్దుకుంది. సూది వేయించుకుంది.

వస్తూ వస్తూ ఫాక్‌లాండ్ రోడ్డు మలుపులో, ఒక పాత చాల్ కింద, అక్క నిలబడిపోయింది. ఎడమవైపు పక్కటెముకల కింద అరచెయ్యి పెట్టుకుంది. ముఖంలో నొప్పి లేదు. పక్క గదిలో ఎవరో మాట్లాడుతుంటే చెవి ఒగ్గి వింటున్నట్టుగా ఉంది.

“ఆగినయ్‌రా.”

“ఏమాగినయ్?”

“అవే, సన్న బీడీలు. మెడ కాడికి పోతలెవ్వు. ఈడ కుప్పవడ్డయ్.”

నేను నవ్వి ఊరుకున్నాను. నా కట్టుకథ ఇంత బాగా పనిచేసిందే అని లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ వారంలోనే మా పరిశోధనశాల డాక్టర్ బాయి గోలీలు ఎలుక ఒంట్లో ఎటు పోతున్నాయో చూడాలనుకుంది. మందుకు బదులు వాటిలో మెరిసే రంగు నింపింది. తర్వాత ఎలుకను కోసి చీకటి గదిలో ఊదారంగు దీపం కింద పెట్టింది. చెత్త ట్రే తీసుకెళ్లడానికి పోయిన నేను ఆమె భుజం మీదుగా చూశాను. గడ్డ మసకగా ఉంది. పొట్టకు ఎడమపక్కన మాత్రం, చిన్న నాలుకలాంటి ముక్క ఒకటి ఆకుపచ్చగా వెలుగుతోంది. గడ్డ దగ్గరికి పొమ్మంటే అన్నీ వచ్చి ఇక్కడే కూర్చుంటున్నాయని బాయి హిందీలో విసుక్కుంది. అదేమిటని అడిగాను. ప్లీహం అంది. మనిషికి ఎక్కడుంటుందని అడిగాను. ఆమె తన ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూపించింది.

నా చేతిలోంచి ట్రే జారి భళ్లున పడిందని చాల్‌లో చెప్పేవాణ్ణి. పడలేదు. గట్టిగానే పట్టుకున్నాను. అక్క చెయ్యి పెట్టుకున్న చోటూ అదే.

మర్నాడు ఆసుపత్రిలో అక్కను చూసే డాక్టర్‌ని బతిమాలాను. ఆయన అంతకుముందే అక్కడ నొక్కి చూసి ఏమీ లేదన్నాడు. మళ్లీ నొక్కాడు, చేతికి ఏమీ తగల్లేదు. నా గోల భరించలేక స్కాన్‌కి రాశాడు. జబ్బు ప్లీహంలోనూ ఉంది. దాంతో వైద్యం మార్చారు. గడ్డలు కరిగాయి. వేళ్లకు స్పర్శ రావడానికి చాలాకాలం పట్టింది కానీ, వచ్చింది. అక్క మళ్లీ చాట ఒళ్లోకి తీసుకున్న రోజున చుట్టిన మొదటి బీడీ వంకరగా ఉంది. దాన్ని బావే కాల్చాడు.

చాలామందిని అడిగాను. లోపల జబ్బు ఉంది కాబట్టి బరువుగా అనిపించి ఉంటుందన్నాడు డాక్టర్. బరువు లేదు, నొప్పి లేదు, అవి వచ్చి ఆగడం తెలిసింది అంటుంది అక్క. నేను చెప్పిన కథ ఆమె మనసులో పనిచేసిందనుకుందాం. గోలీలు ప్లీహంలో ఆగుతాయని నేను చెప్పలేదే, అసలు ఆ సంగతి నాకే తెలియదే. అన్నిటికన్నా ముఖ్యం, ఆమెకు ఎక్కించిన మందులో గోలీలే లేవు. లేనివి ఎలా కదిలాయి, ఎలుక ఒంట్లో ఆగినచోటే ఆమె ఒంట్లో ఎలా ఆగాయి?

ఇదంతా రాసి, పత్రికకు పంపేముందు అక్కకు చదివి వినిపించాను. గ్యాలరీలో కాళ్లు చాపుకుని కూర్చుంది. పంజరాల మాట వచ్చినప్పుడు నవ్వింది. ట్రే మాటకు తల ఊపింది. చివరిదాకా విని అంది:

“తలకిందులు రాసినవ్. సన్న బీడీలన్నది నేనురా, నువ్వు గాదు. సూదికి రానని మొండికేసిన దినమే చెప్పిన, నెత్తుట్ల ఎవరో సన్న బీడీలు చుట్టి ఇడ్సినట్టున్నదని. అక్కకు పిచ్చి లేసిందని నవ్వినవ్. తెల్లారి మొకం ఏలాడేసుకోని వచ్చి, మా కాడ డాక్టర్లు గట్లనే చేస్తున్రు అక్కా అన్నవ్. నీ మాట ఇని పోలే నేను. అవి యాడికి పోతయో సూద్దామని పోయిన.”