గురుగ్రహం మీది మసి మరక

1994 జూలై. వరంగల్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ముక్కలైన తోకచుక్క ఒకటి గురుగ్రహాన్ని ఢీకొంటోందని పేపర్ల నిండా రాస్తున్న రోజులవి. కాలేజీ డాబా మీద మాకొక టెలిస్కోప్ ఉండేది. పొద్దుగూకితే చాలు, ఊళ్లోవాళ్లు మెట్లెక్కి వచ్చేవాళ్లు. ముసురు వల్ల చాలామందిని ఉత్తచేతులతోనే పంపించాం. ఇప్పుడు గ్రహాలన్నీ ఫోన్‌లోనే కనిపిస్తున్నాయి గానీ, ఆ డాబా మీద తడి సిమెంటు వాసన, వరుసలో నిలబడ్డవాళ్ల గుసగుసలు నాకింకా గుర్తే.

మబ్బు విడిన ఒక సాయంత్రం కొత్తవాడ నుంచి రాజమ్మ వచ్చింది. ఇంట్లో మగ్గం మీద జంపఖానాలు నేసే మనిషి. వెంట కోడలు సరోజ. నెలలు నిండుతున్నాయి.

"గురువు మీద చుక్క పడ్డదంట గద మేడం, కడుపుల బిడ్డకు ఏమన్నైతదా? ఇది ఇల్లు కదుల్తలేదు. దవాఖానకు గుడ పోతలేదు. బతిమిలాడి తోల్కొచ్చిన" అంది రాజమ్మ.

"నీకెందుకమ్మా అంత భయం?" అని సరోజనడిగాను.

"పోయినసారి గ్రహణం నాడు బిందె పట్టుకొని నల్లాకాడికి పోయిన మేడం. ఆ బిడ్డ దక్కలే. నా వల్లనే పోయిందని అందరన్నరు. నేను గుడ గట్లనే అనుకున్న."

నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసం పక్కన పెట్టాను. ముందు చూడమని సరోజకు ఐపీస్, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కటకం, చూపించాను. ఆ రోజు 'సీయింగ్' బాగాలేదు. పైన గాలి నిలకడగా లేకపోతే మేము అలా అంటాం. నీళ్ల అడుగున గులకరాయిలా గ్రహం వణుకుతోంది. జర ఆగమన్నాను. గాలి నిలిచింది.

"ఒక పక్కకు నల్లగున్నది మేడం! మసి అంటినట్టు."

"మసి లెక్కనే అనుకో. గురువుకు మన లెక్క నేల లేదు, పైనంతా గాలే. తోకచుక్క ముక్క అందులోకి దూసుకుపోయి పేలింది. వేడి గాలి పైకి చిమ్మింది. దాన్ని ప్లూమ్ అంటాం. అది మళ్లీ కిందికి పడి పరుచుకుంటే ఈ మచ్చ అయింది. మన భూమి కంటే పెద్దది."

"మల్ల అది మన దిక్కు రాదా?"

"రాదు. అక్కడి గాలులే దాన్ని సాగదీసి పలచన చేస్తాయి. గ్రహణమైనా అంతే, ఉత్త నీడ. నీ బిడ్డ పోయింది నీ వల్ల కాదు సరోజా."

ఆమె ఐపీస్ నుంచి కన్ను తీయలేదు. భుజాలు మాత్రం కదిలాయి. రాజమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. "నేను గుడ అన్న బిడ్డా. అనకపోవాల్సుండె."

మర్నాడే దవాఖానకు పోయారు. బీపీ బాగా పెరిగిందని, ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదని చెప్పి డాక్టరమ్మ అప్పటికప్పుడు చేర్చుకుంది.

కొన్ని వారాలకు రాజమ్మ ఒక్కతే డాబా ఎక్కింది. ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డా బాగున్నారనీ చెప్పి, ఇంకోసారి చూపించమంది. మచ్చలు ఒకదాంట్లో ఒకటి కలిసి మసక చారలా సాగిపోయాయి. రాజమ్మ చాలాసేపు చూసింది. కిందికి దిగుతూ, "సరోజకు చెప్త" అంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు టెలిస్కోప్ పక్కన నిలబడ్డాను. ఎవరేమడిగినా, జవాబు చెప్పే ముందు "ఆ అనుమానం మీకెందుకొచ్చిందమ్మా?" అని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఆగడం ఆ అత్తాకోడళ్ల దగ్గరే నేర్చుకున్నాను.