సుద్దగుర్తు ఉన్న పక్క

జెద్దాలో ఒక తెలుగావిడ కోసం నేను అక్కడి యజమానురాలితో కొట్లాడానని మా ఆఫీసులో చెప్పుకుంటారు. కొత్తగా చేరిన పిల్లలకు కూడా చెబుతారు. మేడం నోరంటే నోరే అని మెచ్చుకుంటారు. అబద్ధం. ఏళ్ళ తరబడి ఈ అబద్ధాన్ని మోస్తున్నాను. ఆటోవాడితో, అపార్టుమెంటు సెక్రటరీతో, ఆఖరికి డాక్టరుతో కూడా వాదన వేసుకునే నేను, ఈ కథ ఎవరైనా ఎత్తితే మాత్రం తలదించుకుని నవ్వి ఊరుకుంటాను. వినయం అనుకుంటారు. మీకైనా నిజం చెప్పాలి.

నేను బట్టల డిజైనర్ని. హైదరాబాద్‌లో మా కంపెనీ అమ్మే అబాయాలను, అంటే బురఖాలాంటి పొడుగు నల్ల అంగీలను, జెద్దాలోని ఒక వర్క్‌షాపులో కుట్టించేవాళ్ళం. రంజాన్ ముందు సరుకు దగ్గరుండి చూసుకోమని నన్ను పంపారు. రెడ్డెమ్మ అక్కడ పరిచయమైంది. రాయచోటి దగ్గర పల్లె. వర్క్‌షాపు నడిపే మేడం ఇంట్లో పనికి వచ్చి, ఆమె పిల్లల్ని పెంచి, వాళ్ళు పెద్దయ్యాక పూసల పనికి కూర్చుంది. నేను తెలుగు మాట్లాడతానని తెలిసిన క్షణం నుంచి నన్ను వదల్లేదు. ఒకసారి కటింగ్ మాస్టర్ని నేను దులిపేస్తుంటే పూసల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఒకటే నవ్వు.

"నీ నోరు నాకుంటే ఈ దేశానికే వచ్చేదాన్ని కాదుక్కా!"

ఈ సరుకు అయిపోగానే ఆమె ఊరికి వెళ్ళాలి. యజమాని రాసివ్వందే దేశం దాటనివ్వరు; మేడం ఆ ఎగ్జిట్ కాగితం ఇస్తానంది. చెల్లెలికి క్యాన్సర్. ఈమె ఇక్కడ ఎవరి పిల్లలనో పెంచుతుంటే, అక్కడ ఈమె కూతుర్ని పెంచింది ఆ చెల్లెలే. "నేను ఊరికి పోయేదాకా అది ఉంటే చాలక్కా" అనేది, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఇక నా నిర్వాకం. నల్ల గుడ్డకు పైవైపేదో లోపలి వైపేదో ట్యూబ్‌లైటు కింద తెలియదు. అందుకని సుద్దతో గుర్తు పెడతారు. మరక కనబడకూడదని మా దగ్గర లోపలి వైపు పెడతాం. జెద్దాలో వాళ్ళు పైవైపే పెట్టి, తర్వాత ఆవిరి ఇస్త్రీతో పోగొడతారు. వెళ్ళిన రోజే మాస్టర్ ఆ సంగతి చెప్పాడు. వీడా నాకు నేర్పేది అనుకుని సగమే విన్నాను. అబాయా చేతుల ముక్కలన్నిటికీ గుర్తులు నేనే పెట్టాను, నా అలవాటు ప్రకారం. రెడ్డెమ్మకు ఏదో అనుమానం వచ్చింది. ఒక ముక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, సుద్ద ఉండే పక్కనే కదా పూసలు కుట్టాల్సింది?"

నేను ఫోన్లో ఎవరితోనో వాదిస్తున్నాను. ముక్క వైపు చూడను కూడా లేదు. "అవును తల్లీ, అవును. ఎన్నిసార్లు అడుగుతావు?" అన్నాను. ఆమె అడిగింది అదే మొదటిసారి.

కుట్టేసింది. అన్నీ. అబాయాలు తయారయ్యాక ఎండలోకి తెచ్చి చూస్తే ఒళ్ళంతా నిగనిగలాడుతోంది, చేతులు మాత్రం గుడ్డ లోపలి వైపు పైకొచ్చి వెలిసిపోయినట్టున్నాయి. గుర్తులు ఎవరు పెట్టారని మేడం ఇంగ్లీషులో అడిగింది.

నేనే, తప్పు నాదే. ఆ మాట అనడానికి ఎంతసేపు? ఎందుకు అనలేదు? నా ఉద్యోగం పోతుందనా? పోదు. మాస్టర్ నవ్వుతాడని. అంతే. అంత చిన్న కారణమా అని మీరు అడుగుతారు, నేను కూడా అద్దం ముందు నిలబడి అడుగుతూనే ఉన్నాను, ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరికితే బాగుండునని వెతుకుతూనే ఉన్నాను, దొరకలేదు. నేను సరిగ్గానే పెట్టానన్నాను. ఈమెకు సరిగ్గానే చెప్పానన్నాను. పొరపాటు ఈమెది అన్నాను. అక్కడితో ఆగానా? గొంతు పెంచి, బల్ల చరిచి, రెడ్డెమ్మ వైపు చెయ్యి చూపించి, మా సరుకు ఆలస్యమైతే ఊరుకోనని ఇంగ్లీషులో ఏకరువు పెట్టాను. గోడ పక్కన నిలబడి ఆమె నన్నే చూస్తోంది. మేడం ఆమెకు అరబ్బీలో ఒక్క ముక్క చెప్పింది. అన్నీ విప్పి మళ్ళీ కుట్టేదాకా ప్రయాణం లేదు.

నేను మెట్లు దిగుతుంటే వెనకే వచ్చి రెడ్డెమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పోనీలేక్కా. నా కోసం నువ్వెందుకు గొంతు చించుకోవడం? ఆయమ్మ వినే రకం కాదు. ఇన్నేండ్లలో నా పక్కన మాట్లాడినదానివి నువ్వొక్కదానివే."

అప్పుడైనా చెప్పాలి కదా. చెప్పలేదు. చెయ్యి విడిపించుకుని కారెక్కాను.

చేతులు విప్పడం సగం కూడా కాకముందే చెల్లెలు పోయింది. ఆ వార్త, దానితోపాటు నేను ఎంత గొప్పగా పోట్లాడానన్న కథ, వర్క్‌షాపుకు బండి నడిపే జగిత్యాల అతను సెలవుకు వచ్చినప్పుడు మా ఆఫీసుకు మోసుకొచ్చాడు. అతనికి చెప్పింది రెడ్డెమ్మే. చెల్లెలి కడసారి చూపు దక్కనివ్వని మనిషికి మంచి పేరు ఇచ్చింది.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. రాసేశాను, అంతవరకే కాస్త ఊపిరి ఆడుతోంది. కానీ ఒకటి మాత్రం వదలడం లేదు. మేడం పిల్లలు ఇంగ్లీషు బడిలో చదివారు. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని హోంవర్కు చేయించింది రెడ్డెమ్మే. అలాంటి మనిషికి, తప్పు నాది కాదు, ఈమెది అన్న ఆ నాలుగు ఇంగ్లీషు ముక్కలు నిజంగా అర్థం కాలేదా? లేక అర్థమయ్యే నా చెయ్యి పట్టుకుందా?