అన్న ఎదుట బూట్లు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మా నాన్నకు సిమ్లాలో గుమాస్తా ఉద్యోగం దొరికింది. జమ్మలమడుగు నుంచి నాన్న, అమ్మ పోయాక నన్ను పెంచిన మేనత్త, నేను, ముగ్గురం అక్కడికి చేరాం. మొదటి చలికాలంలోనే వీధంతా మంచు పేరుకుంది. అత్త ఆ మంచులోనే వట్టి కాళ్లతో కుళాయికి పోయి నీళ్లు తెచ్చేది. నాన్న కొనిచ్చిన బూట్లు మంచం కిందే ఉండేవి. ఎవరైనా తన పాదాల వైపు చూస్తే చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుని, "నాకేం కాదులేప్పా" అనేది.

ఒకరోజు ఇంటి యజమానురాలు నాన్నను వాకిట్లో నిలదీసింది. "చెల్లెలికి బూట్లు కూడా కొనివ్వలేవా?" అని ఇరుగుపొరుగు వినేలా హిందీలో అడిగింది. నాన్న తల దించుకుని లోపలికి వచ్చి అత్త పాదాలు చూశాడు. అవి కమిలిపోయి, వేళ్లు పగిలి ఉన్నాయి.

"బూట్లు తెచ్చిస్తి గదమ్మా! ఏంటికి ఏసుకోవు?"

అత్త గోడవైపు తిరిగింది. "దావలో నువ్వు ఎదురొస్తాంటావు గదన్నా. నీ ముందర బూట్లేసుకొని ఎట్ల తిరిగేది? సిగ్గు గాదా నాకు?"

మా ఊళ్లో ఆడవాళ్లు పెద్దవాళ్ల ఎదుట చెప్పులు తొడగరు. ఆ సంగతి తనకు తట్టనందుకు నాన్న ముఖం చిన్నబోయింది.

"నేనేం అనుకోనులేమ్మా."

"నువ్వు అనుకోవు. నాకే కాళ్లు ముందుకు రావు."

మర్నాటి నుంచి నాన్న ఆఫీసుకు వెనక సందులో, బురద తొక్కుకుంటూ పోసాగాడు. సాయంత్రం కూడా అటునుంచే వచ్చేవాడు. అన్న ఇక ఇంటి ముందరి వీధిలోకి రాడని నమ్మకం కుదిరాక, అత్త బూట్లు తొడుక్కుని కుళాయికి నడిచింది.