చెట్ల మీది తెల్ల గీతలు

ఐర్లాండ్ పల్లెల్లో తేలికైన నడక దారులు చూడబోతున్న మా మనవరాలు, నన్ను తీసుకెళ్లేముందు కెనడాలో తానుంటున్న ఓక్‌విల్ దగ్గరి అడవి బాటలో నడిపించి చూస్తానంది. డెబ్బై ఎనిమిదేళ్లవాడికి నడక పరీక్షా! ఉక్రోషంతో ముందుకు సాగాను. దారిపొడవునా చెట్లకు తెల్ల గీతలున్నాయి. స్వదేశంలో మా వైపు అటవీశాఖవాళ్లు నరకబోయే చెట్లకే అలా రంగు వేసేవారు. ఒక చెట్టుకైతే రెండు గీతలు! ఇన్ని నరుకుతారా అని మండిపడుతూ తిన్నగా పోయాను. కాసేపటికి చూస్తే కాళ్ల కింద బాటే లేదు. మనవరాలి కోసం కేకలు పెట్టాను.

మనవరాలు రొప్పుతూ వచ్చింది. “టూ మార్క్స్ అంటే టర్న్, తాతా! అది ట్రైల్ సైన్!”

“అయితే నా ప్రయాణం రద్దేనా?”

“నో, వాకింగ్ పాస్. లుకింగ్ ఫెయిల్!”

తీరా వెళ్లి చూస్తే, ఐర్లాండ్‌లో దారి గుర్తులన్నీ స్తంభాల మీదే ఉన్నాయి. ఎక్కడా దారి తప్పలేదు. చెట్టుకు రంగు పూయకుండానే దారి చూపవచ్చని ఈ కెనడావాళ్లకు ఎవరైనా చెప్పాలి!